కారు డిస్క్‌కి ఈ 320 పిచ్చి ఎందుకు?

మా నాన్న కారు 2011 మోడల్. బ్లూటూత్ లేదు, యూఎస్‌బీ లేదు, ఉన్నదల్లా ఎంపీ3 చదివే సీడీ ప్లేయర్. పోయిన నెల "పాటలు చప్పగా వస్తున్నాయిరా" అన్నారు. షాపుకి తీసుకెళ్తే "స్పీకర్లు పోయాయి సార్, సెట్ మొత్తం మార్చేద్దాం, 18 వేలవుతుంది" అన్నారు. అడ్వాన్స్ ఇచ్చేలోపు ఎందుకో అనుమానం వచ్చింది. ఇంట్లో అటక మీదున్న ఒరిజినల్ ఆడియో సీడీ ఒకటి దులిపి తెచ్చి పెట్టా. అదే కారు, అవే స్పీకర్లు. తబలా, వయొలిన్, కోరస్ అన్నీ దేనికది విడిగా వినిపించాయి. స్పీకర్లకి ఏ రోగమూ లేదు. రోగమంతా నేను రైట్ చేసిచ్చిన డిస్క్‌లోనే ఉంది.

అసలు సిగ్గుపడాల్సిన విషయం ఏంటంటే, ఆ డిస్క్‌లో ప్రతి ఫైలూ 320 కేబీపీఎస్. నేనే ఏరి కోరి 320 అని రాసున్నవే దించా.

స్పెక్ అని ఒక చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. పాటని అందులో వేస్తే ఏ ఫ్రీక్వెన్సీ దాకా శబ్దం ఉందో బొమ్మలో చూపిస్తుంది. మంచి సోర్స్ నుంచి చేసిన 320 ఫైలులో సాధారణంగా 20 కిలోహెర్ట్జ్ దాకా రంగు కనిపిస్తుంది. నా ఫైళ్లలో ఎక్కువ భాగం 16 దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయాయి. అంటే ఎవరో 128 ఫైలునో, వీడియో నుంచి లాగిన ఆడియోనో తీసుకుని మళ్లీ 320గా మార్చి పెట్టారన్నమాట. నీళ్ల పాలని పెద్ద గిన్నెలో పోస్తే చిక్కబడతాయా? పైగా ఎంపీ3గా మార్చిన ప్రతిసారీ ఇంకొంచెం పోతుంది. ఒక్కసారి పోయింది మళ్లీ రాదు. (పాత రికార్డింగులకి మాత్రం ఈ పరీక్షని గుడ్డిగా నమ్మొద్దు. వాటి టేపుల్లోనే పై శబ్దాలు లేకపోవచ్చు. ఘంటసాల పాటలు చాలావరకు మోనో కూడా. వాటికి 128 ఇచ్చినా ఏమీ తక్కువ కాదు.)

అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్తా: కారు డిస్క్ విషయంలో బిట్‌రేట్ అంకె చూడటం మానేసి, ఫైలు ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. సొంత ఆడియో సీడీ ఉంటే ఎగ్జాక్ట్ ఆడియో కాపీతోనో, ఎఫ్ఆర్ఈ:ఏసీతోనో రిప్ చేసి, లేమ్ ఎన్‌కోడర్‌లో వీ2 సెట్టింగ్ పెట్టండి. సగటున 190 కేబీపీఎస్ వస్తుంది. ఏసీ హోరు, టైర్ల రొద, పక్కన లారీ హారన్... వీటి మధ్య దీనికీ నిజమైన 320కీ తేడా చెప్పగలిగినవాళ్లని నేనింకా చూడలేదు. 700 ఎంబీ డిస్క్‌లో 320 అయితే దాదాపు 5 గంటల పాటలు పడతాయి, వీ2 అయితే 8 గంటలు దాటుతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లి, తిరుగు ప్రయాణంలో సగం దారి దాకా పాట రిపీట్ కాదు. ఒక్క చిక్కుంది: వీ2లో బిట్‌రేట్ మారుతూ ఉంటుంది కాబట్టి కొన్ని పాత సెట్లు పాట నిడివి తప్పుగా చూపిస్తాయి. అది నచ్చకపోతే స్థిరంగా 192 పెట్టేయండి.

రైట్ చేసేటప్పుడు ఎక్కువమంది బోల్తా పడేది విండోస్ అడిగే మొదటి ప్రశ్న దగ్గరే. యూఎస్‌బీ డ్రైవ్‌లా వాడతారా, సీడీ ప్లేయర్‌లో వాడతారా అని అడుగుతుంది. మొదటిది ఎంచుకుంటే పాత కారు సెట్లు ఆ డిస్క్‌ని గుర్తుపట్టవు. రెండోదే నొక్కండి. సీడీ-ఆర్ కొనండి, సీడీ-ఆర్‌డబ్ల్యూ వద్దు. దాని మీద లేజర్ వెలుతురు బాగా తక్కువగా తిరిగొస్తుంది, చాలా సెట్లు చదవలేక తన్నుకుంటాయి. ఫైళ్ల పేర్ల ముందు 01, 02 అని పెట్టండి, లేకపోతే ఒకటో పాట తర్వాత పదోది వస్తుంది. పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంచండి. తెలుగులో పెడితే స్క్రీన్ నిండా ప్రశ్నార్థకాలే, ఈ ఒక్క విషయంలో మనసు చంపుకోక తప్పదు. ఫ్లాక్, ఎం4ఏ ఫైళ్లు చాలా పాత సెట్లలో పాడవు. డిస్క్ మీద కాగితం స్టిక్కర్ మాత్రం అంటించొద్దు. ఎండకి ఊడి లోపల ఇరుక్కుందంటే సెట్ విప్పాల్సిందే.

"ఇంత కష్టం ఎందుకు బ్రో, లైటర్ సాకెట్‌లో ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ పెట్టుకోవచ్చుగా" అంటారని తెలుసు. పెట్టి చూశా. ఎఫ్ఎంలో 15 కిలోహెర్ట్జ్ పైన ఏమీ రాదు. అంటే కష్టపడి చేసుకున్న మంచి ఫైలుకి కూడా దొంగ 320 గతే పడుతుంది. సిటీలో అయితే రెండు సిగ్నల్స్ దాటేసరికి ఏదో ఒక రేడియో స్టేషన్ మీదకొచ్చి పడుతుంది, నాన్న డ్రైవ్ చేస్తూ ఫ్రీక్వెన్సీ మార్చుకోవాలి. అది నాకు అస్సలు ఇష్టం లేదు. కారులో ఆక్స్ సాకెట్ ఉంటే మాత్రం వైర్ పెట్టుకోండి, ఈ ఆర్టికల్‌తో మీకు పని లేదు.

మొత్తానికి అటక మీది సీడీలు పదకొండు దించా. ఒకటి గీతలు పడి రిప్ అవ్వలేదు, మిగతా పదీ ఒక్క డిస్క్‌లో సరిపోయాయి. స్పీకర్లు అవే. 18 వేలు నాన్న జేబులోనే ఉన్నాయి. "రెండో డిస్క్ ఎప్పుడు చేస్తావురా" అని రోజూ అడుగుతున్నారు, దానికి మాత్రం మా బాబాయ్ వాళ్లింట్లో సీడీలు వెతకాలి.