తేదీ కూడా ఒక మాటే

సాఫ్ట్‌వేర్ పేరు పక్కన వేసే నంబరును మనలో చాలామంది అలంకారం అనుకుంటారు. కానే కాదు. అది తయారుచేసినవాడు వాడేవాడికి ఇచ్చే మాట. 2.4.1 ఉందనుకోండి. చివరి అంకె మారితే తప్పులు దిద్దారని అర్థం. నడిమి అంకె మారితే కొత్త సౌకర్యాలు చేరాయని. మొదటిదే మారిందా, పాత పద్ధతులు పనిచేయకపోవచ్చు, జాగ్రత్త అని! అందరూ ఈ నియమం పాటించరు, పాటించేవారిని నమ్మవచ్చు.

వ్యవసాయదారుల ఇళ్లల్లో ఇదేం వింత కాదు. ఎం.టి.యు. 1010 అంటే మార్టేరు విత్తనం, నాలుగు నెలల పంట. బి.పి.టి. 5204 అంటే బాపట్ల సాంబ మసూరి, ఐదు నెలల పంట. నారు, నీళ్లు, అప్పు, ఆఖరికి పెళ్లి ముహూర్తం కూడా ఆ లెక్కమీదే.

ఇక తేదీ సంగతి. ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం నంబరులో ఏడాది, నెల ఉంటాయి. 2006 ఏప్రిల్‌లో రావలసింది 6.04. ఇంకా మెరుగులు దిద్దాలి, ఆరు వారాలు కావాలని మార్చిలోనే బయటపెట్టారు. జూన్ 1న విడుదల చేశారు, నంబరును 6.06గా మార్చారు. ఆలస్యం నంబరులోనే కనపడుతోంది, దాచిందేమీ లేదు.

మన రాంనగర్ పక్కనున్న అశోక్‌నగర్ సంగతి చూడండి. 783 గ్రూప్-2 ఉద్యోగాలకు 2022 డిసెంబరులో ప్రకటన వచ్చింది. పరీక్ష 2023 ఆగస్టు అన్నారు, నవంబరు అన్నారు, 2024 జనవరి అన్నారు, మళ్లీ ఆగస్టు అన్నారు. జరిగింది 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో! న్యాయంగా చెప్పాలంటే, వేరే పరీక్షలు దగ్గర పడ్డాయని వాయిదా కోరిన అభ్యర్థులూ ఉన్నారు. ఒకసారి శాసనసభ ఎన్నికలు అడ్డొచ్చాయి. కాబట్టి వాయిదాయే నేరమని నేననను. కానీ పక్క పరీక్షల తేదీలు ముందే చూసుకోవద్దా? తేదీ జరిగిన ప్రతిసారీ ఊళ్లో ఒక తండ్రి ఇంకొన్ని నెలల గది అద్దె, మెస్సు బిల్లు వెతుక్కోవాలి. అది ఏ ప్రకటనలోనూ కనపడని ఖర్చు.

మిత్రులారా! రేపు మనలో కొందరం సాఫ్ట్‌వేర్ రాస్తాం, కొందరం ఆఫీసు కుర్చీల్లో కూర్చుంటాం. అదును చూడకుండా తేదీ వేయవద్దు. వేశాక జరపక తప్పకపోతే ముందుగా చెప్పాలి, కారణంతో చెప్పాలి. తేదీని నమ్మి ఎవరో ఎక్కడో అప్పు చేసి ఉంటారు.