ఫీజు సరే, విమానం ఏదీ?

మా పెదనాన్న నాలుగేళ్ళ కిందట కాకినాడలో ఒక పాత బోటు కొన్నారు. కొనేముందు మూడుసార్లు వెళ్ళి చూశారు. అమ్మేవాళ్ళ మేస్త్రి మాట నమ్మకుండా మన యానాం నుంచి వేరే మేస్త్రిని వెంటబెట్టుకెళ్ళారు. చెక్కని సుత్తితో కొట్టి చప్పుడు విన్నారు. ఇంజను స్టార్ట్ చెయ్యకముందే దాని మీద చెయ్యి పెట్టి చూశారు. "ముందే వేడిగా ఉందంటే మనం వచ్చేలోపు తిప్పి ఉంచారన్నమాట. చల్లగా ఉన్నప్పుడు లేస్తేనే మంచి ఇంజను" అని నాకు చెప్పారు.

అదే పెదనాన్న, అక్కని పైలట్ శిక్షణలో చేర్చడానికి వేరే రాష్ట్రంలో ఒక సంస్థకి వెళ్ళారు. ఫీజు ఎంత, హాస్టల్ ఉందా, భోజనం ఎలా ఉంటుంది, ఆడపిల్లలకి భద్రత ఉందా అని నాలుగు ప్రశ్నలు అడిగి మొదటి వాయిదా కట్టేసి వచ్చేశారు. విమానం గురించి ఒక్క మాట అడగలేదు. పక్కనే ఉన్న మేమూ అడగలేదు. బయట నిలబెట్టిన విమానం పక్కన అక్క ఫోటో దిగింది. ఆ ఫోటో పట్టుకుని మా అమ్మ కారైకాల్‌లో ఉన్న వాళ్ళవాళ్ళందరికీ తమిళంలో చెప్పుకుంది, నాన్న ఇక్కడ అందరికీ తెలుగులో చెప్పుకున్నారు. రెండు భాషల్లోనూ ఆ ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాలేదు.

ఆ ఫోటోలో ఉన్నది సెస్నా 152. రెండే సీట్లు, పక్కపక్కన. ఒకటి నేర్చుకునేవాళ్ళకి, ఒకటి నేర్పేవాళ్ళకి. ముందు ఒకే ఒక్క ఇంజను, 110 హార్స్‌పవర్. మనుషులు, పెట్రోలు అన్నీ కలిపి 757 కిలోలు దాటకూడదు. ప్రపంచంలో ఎంతోమంది పైలట్లు మొదట నేర్చుకున్నది దీని మీదా, దీని అన్న సెస్నా 150 మీదా. అయితే ఈ 152ని తయారు చెయ్యడం 1985లోనే ఆపేశారు. అంటే ఇవాళ దీన్ని ఎవరు కొన్నా సెకండ్‌హ్యాండే. అందులో కూర్చునే అమ్మాయి కన్నా అది కనీసం ఇరవై ఏళ్ళు పెద్దది.

పాతది అంటే చెడ్డది అని నేను అనడం లేదు. బోటు కూడా పాతదే, ఇప్పటికీ వేటకి వెళ్తోంది. విమానానికి వయసు కన్నా దాన్ని చూసుకున్న తీరు ముఖ్యం. ఆ తీరంతా లాగ్‌బుక్‌లో ఉంటుంది. మొత్తం ఎన్ని గంటలు ఎగిరింది, ఇంజను పూర్తిగా విప్పి బాగు చేశాక ఎన్ని గంటలు నడిచింది, ఎప్పుడైనా గట్టిగా దిగిందా, ప్రొపెల్లర్ నేలకి తగిలిందా, అన్నీ అందులో రాయాలి. ఈ ఇంజనుకి సుమారు 2,400 గంటలకి ఒకసారి ఆ పెద్ద మరమ్మతు చెయ్యాలని కంపెనీ చెబుతుంది. నేర్చుకునేవాళ్ళ విమానం కాబట్టి రోజూ ఎన్నోసార్లు దిగుతుంది, అవన్నీ మెత్తగా దిగడాలు కావు. ముందు చక్రం మీద దెబ్బ పడితే దాని వెనకాల ఉన్న ఇంజను గోడ రేకు ముడతలు పడుతుంది. ఉప్పుగాలి తగిలే చోట ఉన్న విమానమైతే అల్యూమినియం మీద తెల్లటి పొడిలా తుప్పు లేస్తుంది. ఉప్పుగాలి ఇనుముని ఏం చేస్తుందో మన ఊరివాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు.

పాత విమానం కొనేవాళ్ళు ఇవన్నీ చూస్తారు. మరి మనం ఎందుకు చూడాలి, మనం కొనడం లేదు కదా అంటారేమో. ఒక లెక్క చెప్తాను. అమెరికాలో వాడిన సెస్నా 152 ధర అటూ ఇటూగా 30 వేల నుంచి 50 వేల డాలర్లు. మన డబ్బులో పాతిక లక్షల నుంచి నలభై అయిదు లక్షల దాకా. ఇక్కడ కమర్షియల్ పైలట్ లైసెన్సుకి 200 గంటలు ఎగరాలి, దానికి అయ్యే ఖర్చు 40 లక్షల పైమాటే. అంటే ఒక్క అమ్మాయి కట్టే డబ్బుతో అలాంటి విమానం ఒకటి కొనొచ్చు. పేరుకి కొన్నది సంస్థే గానీ, వాయిదాల మీద దాని ఖరీదు కట్టేది మన ఇళ్ళవాళ్ళు. మా పెదనాన్న అయితే చెరువు అమ్మి కట్టారు.

అక్క సంగతికి వస్తాను. చేరేటప్పుడు ఆరు విమానాలున్నాయన్నారు. ఉన్న మాట నిజమే. ఎగిరేవి మాత్రం రెండు. మిగతావి ఒకటి ఇంజను కోసం, ఒకటి విడిభాగం కోసం, ఇంకోటి కాగితాల కోసం ఎదురుచూస్తూ షెడ్డులో ఉండేవి. పద్నాలుగు నెలల్లో అక్క ఎగిరింది 61 గంటలు. తెల్లారగట్ల లేచి, తయారై, వరసలో కూర్చుని, సాయంత్రం వెనక్కి వచ్చేసేదట. హాస్టల్ ఖర్చు మాత్రం ఏ నెలా ఆగలేదు.

ఇంటికొచ్చినప్పుడు వీధిలో వాళ్ళు ఏమన్నారో తెలుసా? "ఆడపిల్ల కదండీ, పైకెళ్ళేసరికి భయపడి ఉంటుంది." అక్క ఏమీ అనలేదు, లోపలికెళ్ళి తలుపేసుకుంది. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ మాటే.

భయం ఆడవాళ్ళదైతే, ప్రపంచంలో మొదటి మహిళా పైలట్ లైసెన్సు 1910 మార్చి 8న రేమండ్ ద లారోష్ అనే ఫ్రెంచి ఆవిడకి ఎలా వచ్చింది? అప్పటికి మన యానాం కూడా ఫ్రెంచి పాలనలోనే ఉంది. సరళా ఠక్రాల్ 1936లో చీర కట్టుకుని జిప్సీ మాత్ విమానం నడిపింది. ప్రేమ్ మాథుర్‌కి పైలట్ ఉద్యోగం ఇచ్చింది మన హైదరాబాద్‌లోని దక్కన్ ఎయిర్‌వేస్. ఇవాళ మన దేశంలో పైలట్లలో సుమారు 15 శాతం ఆడవాళ్ళే, చాలా దేశాల కన్నా ఎక్కువ. అక్కకి భయం లేదు. దానికి విమానం లేదు.

ఇది ఆర్ట్స్ వాళ్ళం మనకెందుకు అనుకోకండి. ఇప్పటిదాకా కమర్షియల్ లైసెన్సుకి ఇంటర్‌లో ఫిజిక్స్, మాథ్స్ ఉండాలన్న రూలు మనల్ని గుమ్మం బయటే ఆపింది. ఆ రూలు తీసేసి అందరికీ అవకాశం ఇవ్వాలన్న ప్రతిపాదన 2025లో డీజీసీఏ ముందుకొచ్చింది. అది అమలైతే మనలోనూ కొందరు ఆ వరసలో నిలబడతారు. ఇంజను ఊసెత్తితే "అవన్నీ మీకు అర్థం కావమ్మా" అని మన నోరు మూయించడం ఇంకా తేలిక. అర్థం కాకపోవడానికి అందులో ఏముంది? అంకెలే కదా.

అందుకే నా అభిప్రాయం ఇది. శిక్షణ సంస్థలు హాస్టల్ ఫోటోలతో పాటు ఏ విమానం ఎన్ని గంటలు ఎగిరిందో, ఇవాళ ఎన్ని ఎగరగలవో నెలనెలా బోర్డు మీద రాయాలి. సంస్థలకి గ్రేడులు ఇవ్వడం డీజీసీఏ 2025లో మొదలుపెట్టింది, మంచిదే. కానీ ఫీజు కట్టే తండ్రికి గ్రేడు కన్నా ఈ అంకెలు తొందరగా అర్థమవుతాయి. బోర్డు వచ్చేదాకా మనమే అడగాలి. మీ దగ్గర ఎగిరే విమానాలు ఎన్ని? ఒక్కో దానికి ఎంతమంది విద్యార్థులు? పోయిన నెల ఒక్కొక్కరు సగటున ఎన్ని గంటలు ఎగిరారు? పోయిన ఏడాది చేరినవాళ్ళలో 200 గంటలు ఎవరికి పూర్తయ్యాయి, వాళ్ళతో మాట్లాడవచ్చా? ఆఫీసులో కాదు, హాస్టల్‌లో ఉన్న అమ్మాయిలని కూడా ఇవే అడగండి. జవాబు చెప్పనివాళ్ళకి డబ్బు కట్టకండి.

పోయిన వారం పెదనాన్న మళ్ళీ అక్కడికి వెళ్ళారు. ఈసారి ఈ ప్రశ్నలు ఒక కాగితం మీద రాసి నేనే ఇచ్చాను. ఆయన దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, "బోటుకి అడిగినవే కదే ఇవి" అన్నారు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

— బి.ఏ. ద్వితీయ సంవత్సరం విద్యార్థిని