కొండపల్లి బొమ్మకు కఱ్ఱ కావలెను

విజయవాడకు చేరువనున్న కొండపల్లిలో ఆర్యక్షత్రియ కుటుంబములు తరతరములుగా బొమ్మలు చేయుచున్నవి. తేలికయైన తెల్ల పొనికి కఱ్ఱను సన్నని సెగపై ఆరబెట్టి, అవయవములను విడివిడిగా చెక్కి, చింతగింజల పిండియు ఱంపపుపొట్టును కలిపిన మక్కుతో అతికించి, సున్నము పూసి, సన్నని కుంచెతో రంగులు దిద్దుదురు. అంబారీ యేనుగును, దశావతారములును, గీతగాడెక్కిన తాడిచెట్టును లేని సంక్రాంతి కొలువు మనవారికి కొలువుగా తోచదు.

ఈ బొమ్మలకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినందులకు సంతోషమే. కాని అది పేరును కాపాడును గాని చెట్టును మొలపింపజాలదు. ఏటికొప్పాక లక్కబొమ్మలకు అంకుడు కఱ్ఱ యెట్లో కొండపల్లికి పొనికి యట్టిది. ఆ పొనికి కొండపై నానాటికి తఱుగుచున్నది. అడవిశాఖవారు కొండవాలులలో దానిని విరివిగా నాటింపవలెను. పెరిగిన చెట్లను వంతుప్రకారము కొట్టుకొను హక్కును పనివారి సంఘమునకే యొసగవలెను.

కొనువారమగు మనమును నిర్దోషులము కాము. యంత్రపు బొమ్మకు అడిగినంత యిచ్చి, చేతిబొమ్మయొద్ద బేరమాడుదుము! రాబోవు పండుగకు కొలువు పెట్టదలచిన సమాజములవారు రెండు నెలలు ముందుగనే, కొంత బయానాతో, పనివారికే నేరుగా వ్రాయుదురు గాక.