పెళ్లికి సీతాకోకచిలుకలు ఎందుకు ఇవ్వలేదంటే



ఈ మధ్య సంఘంలోని ఒక కుటుంబంవారు మమ్మల్ని ఒక కోరిక కోరారు. అమ్మాయి పెళ్లి ఆరాధన అయ్యాక వధూవరులు మందిరం మెట్లు దిగేటప్పుడు ఎగురవేయడానికి ఒక 50 సీతాకోకచిలుకలు కావాలట. "అయ్యగారూ, అమ్మగారూ, మీ పెరట్లో ఎలాగూ పెంచుతున్నారు కదా" అన్నారు. ఫోనులో ఎక్కడిదో ఒక వీడియో చూపించారు. ప్రేమతోనే అడిగారు, మేమూ ప్రేమతోనే కాదన్నాం. ఆ మాట నలుగురి నోటా పడి, "పురుగుల మీద ఉన్న జాలి వీళ్లకి మనుషుల మీద లేదు" అనేదాకా వచ్చింది. కనుక మా ఇద్దరి అభిప్రాయం ఇక్కడ వివరంగా రాస్తున్నాం.

ముందు మేం చేసే పని ఎంతో చెప్పాలి. చాలామంది దీన్ని కోళ్ల ఫారంలాంటిది అనుకుంటున్నారు. శృంగవరపుకోటలో మా ఇంటి వెనక ఉన్న స్థలం 3 సెంట్లు. అందులో ఒక నిమ్మ, రెండు కరివేపాకు చెట్లు, గోడ వార ఒక జిల్లేడు పొద, ఒక గన్నేరు. అంతే. వానలు పడి నిమ్మ చిగురు వేసినప్పుడు లేత ఆకు మీద ఆవగింజంత గుడ్డు, లేత పసుపు రంగుది, ఒక్కొక్కటిగా కనిపిస్తుంది. మూడు నాలుగు రోజులకు అందులోంచి పురుగు వస్తుంది. మొదట్లో అది అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది. నలుపు, మధ్యలో తెలుపు. ఏ పిట్టా రెట్టను తినాలనుకోదు కదా, అదే దాని రక్షణ. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారి ఆకులో ఆకులా కలిసిపోతుంది. అప్పుడు వేలితో తాకితే తల వెనక నుంచి ఎర్రటి జంట కొమ్ము ఒకటి బయటికి చాచి ఘాటైన వాసన వదులుతుంది. సండేస్కూలు పిల్లలకు ఇది భలే సరదా. ఒకడు తాకి పారిపోతాడు, ఇంకొకడు ముక్కు మూసుకొని మళ్లీ వస్తాడు.

ఆ పిల్లలు చూడాలనే మేం ఒకటో రెండో పురుగులను గాజు సీసాలో పెట్టి, మూతికి దోమతెర గుడ్డ కడతాం. రోజూ తాజా ఆకు వేయాలి, రెట్ట తీసేయాలి, ఎక్కి వేలాడడానికి ఒక పుల్ల పెట్టాలి. సంతలో కొన్న కరివేపాకు మాత్రం వేయకూడదు. దాని మీద ఏ మందు కొట్టారో ఎవరికి తెలుసు? ఇంచుమించు రెండు వారాలు తిని, ఒక పట్టుపోగుతో నడుం కట్టుకొని ప్యూపా అవుతుంది. వేసవిలో అయితే మరో వారం పది రోజులకు నలుపూ పసుపూ కలిసిన నిమ్మ సీతాకోకచిలుక బయటికి వస్తుంది. రెక్కలు ఆరగానే మూత తీసేస్తాం. నెల రోజుల పనిలో విడిచిపెట్టడం అనేది అర నిమిషం. వీడియోల్లో కనిపించేది ఆ అర నిమిషమే. మిగతా నెలంతా ఆకు పని.

ఆకు పని అని ఎందుకంటున్నామంటే, సీతాకోకచిలుక రకరకాల పువ్వుల దగ్గర తేనె తాగగలదు గాని దాని పురుగు మాత్రం కొన్ని మొక్కలనే తింటుంది. నిమ్మ సీతాకోకచిలుకకు నిమ్మ జాతి, కరివేపాకు. నారింజ రంగు రెక్కలకు నల్లని అంచు ఉన్న ప్లెయిన్ టైగర్‌కు జిల్లేడు. అరకు రోడ్డు పొడవునా వేసవిలో పచ్చగా పూసే రేల చెట్టు మీద లేత పసుపు ఎమిగ్రెంట్లు. ఎర్రని ఒళ్లు ఉన్న క్రిమ్సన్ రోజ్‌కు ఈశ్వరి తీగ. బడుల ముందు నిటారుగా పెంచి మనం అశోక అని పిలుస్తున్నామే, ఆ నరమామిడి ఆకు టెయిల్డ్ జే అనే ఆకుపచ్చ మచ్చలదానికి అన్నం. ఇవేవీ పైదేశం కబుర్లు కావు. విశాఖలోనే ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు జె.బి. అట్లూరి, ఎస్.పి. వెంకటరమణ, సి. సుబ్బారెడ్డి ఏ సీతాకోకచిలుక ఏ మొక్క మీద గుడ్డు పెడుతుంది, ఎన్నాళ్లకు పొదుగుతుంది, ఏ పువ్వు మీద వాలుతుంది అని కూర్చొని లెక్కకట్టి రాశారు. ఆ మొక్క పోతే ఆ రెక్కలూ పోతాయి. పూలకుండీలు ఎన్ని పెట్టినా తిరిగి రావు.

ఇలా ఇంట్లో పెంచి విడిచిపెట్టిన దంపతుల్లో మేం ఎక్కువగా తలచుకునేది కెనడాలోని టొరంటోకు చెందిన ఫ్రెడ్ అర్క్‌హార్ట్, నోరా అర్క్‌హార్ట్‌లను. వాళ్లు పెంచింది మోనార్క్ అనే సీతాకోకచిలుకను. మన జిల్లేడు మీది ప్లెయిన్ టైగర్‌కు అది దగ్గరి చుట్టం. అదీ పాలు కారే మొక్కనే తింటుంది. చలికాలం రాగానే ఇవన్నీ ఎక్కడికి పోతున్నాయి? ఫ్రెడ్‌కు చిన్ననాటి నుంచి ఉన్న ప్రశ్న అది. ఆయనా నోరా కలిసి రెక్కకు చిన్న కాగితపు చీటీ అంటించి, దొరికినవారు టొరంటో విశ్వవిద్యాలయానికి పంపండి అని రాసి వదలడం మొదలుపెట్టారు. తొలి చీటీలు వానకు ఊడిపోయాయి. మళ్లీ మార్చారు. 1952లో నోరా ఒక పత్రికలో వ్యాసం రాసి సాయం అడిగితే, ఏళ్లు గడిచేకొద్దీ బడిపిల్లలూ గృహిణులూ ఉపాధ్యాయులూ వేలమంది చేరారు. చివరకు 1975 జనవరిలో వాళ్ల తరఫున వెతుకుతున్న మరో జంట, కెన్ బ్రగ్గర్, కాటలీనా అగువాదో, మెక్సికో కొండల్లో ఆ చోటు చూశారు. చెట్ల కొమ్మలు వంగిపోయేలా లక్షల సీతాకోకచిలుకలు. ఆ కొండ ఊళ్లవాళ్లకు అవి ఏటా రావడం తెలుసు, ఎక్కడి నుంచి వస్తాయో తెలియదు. మరుసటి సంవత్సరం ఫ్రెడ్, నోరా స్వయంగా ఆ కొండెక్కారు. అక్కడ నేల రాలిన ఒక కొమ్మ మీద చీటీ ఉన్న సీతాకోకచిలుక ఒకటి దొరికింది. ఇంచుమించు 3,000 కిలోమీటర్ల దూరంలో, అమెరికాలోని మిన్నెసోటాలో, ఒక ఉపాధ్యాయుడూ ఇద్దరు బడిపిల్లలూ అంటించిన చీటీ అది.

వాళ్లు విడిచిపెట్టింది తెలుసుకోవడానికి. పెళ్లిలో ఎగురవేసేది ఫోటో కోసం. తేడా అక్కడుంది. అమెరికాలో పెట్టెల్లో పెంచి పెళ్లిళ్లకు అమ్మే వ్యాపారమే ఉంది. దాన్ని అక్కడి కీటక సంరక్షకులు వ్యతిరేకిస్తున్నారు. ఇరుకులో ఎక్కువ పురుగులుంటే ఒకదాని రోగం అన్నిటికీ అంటుతుంది, అవి బయటికెళ్లి అడవి వాటికీ అంటిస్తాయి అని వారి భయం. 2019లో షికాగో విశ్వవిద్యాలయంవారి ప్రయోగంలో ఇంటి లోపల పెరిగిన మోనార్కులు దక్షిణ దిక్కు పట్టలేకపోయాయి. 2021లో కెనడాలో జరిగిన మరో పరిశోధనలో, బయట వదిలాక చాలా వరకు దిక్కు పట్టుకున్నాయనీ తేలింది. కాబట్టి పెంచడమే పాపం అని మేం అనడం లేదు. రెండు పెంచండి. 50 పెంచాలంటే మాత్రం మా కరివేపాకు చెట్లు రెండూ మోడులైపోతాయి. పైగా మన పెళ్లి ఆరాధనలు దీపాలు పెట్టేవేళకు గాని ముగియవు. ఎండ లేనిదే సీతాకోకచిలుక ఎగరదు. పెట్టె మూత తీస్తే మెట్ల మీదే పడి ఉంటాయి. ఆ మెట్లు దిగే కాళ్లు ఎన్నో మీకే తెలుసు.

వాటికి బదులు కొత్త జంటకు రెండు కరివేపాకు మొక్కలు ఇస్తామన్నాం. ఇంకా తీసుకెళ్లలేదు. పెరట్లోనే ఉన్నాయి.

ఇంకొక మాట. మా తోటి సేవకులు ఏమీ అనుకోకపోతే చెబుతాం. గూడులోంచి రాలేక పెనుగులాడుతున్న సీతాకోకచిలుకను ఎవరో జాలిపడి కత్తెరతో విడిపించాడనీ, అది రెక్కలు రాక చచ్చిపోయిందనీ, శ్రమే బలమిస్తుందనీ చెప్పే ఉపమానం మీరు ఎన్ని పుల్పిట్ల మీది నుంచి విన్నారో లెక్కలేదు. మేం సీసాలో చూసింది వేరు. ప్యూపా పగిలాక అది బయటికి రావడానికి ఒకటి రెండు నిమిషాలు చాలు. అసలు పని ఆ తర్వాత. ముడుచుకుపోయిన తడి రెక్కలతో అది పైకి పాకి, దేన్నో ఒకదాన్ని పట్టుకొని వేలాడాలి. పొట్టలోని ద్రవం రెక్కల ఈనెల్లోకి దిగి రెక్కలు విచ్చుకోవాలి. పట్టుకోవడానికి పుల్ల లేక జారి కిందపడితే రెక్క ముడతపడి అలాగే గట్టిపడుతుంది. దానికి కావలసింది ఇంకొంచెం కష్టం కాదు. పట్టు దొరికే చోటు. చదువు ఆపేసి ఇంట్లో కూర్చున్న కొండ ఊరి పిల్లకు ఆ పాత ఉపమానం చెప్పేముందు, ఆ పిల్ల పట్టుకోవడానికి ఏముందో చూడాలని మా మనవి. మరో సంగతి, బైబిలులో సీతాకోకచిలుక అనే మాటే లేదు. గొంగళిపురుగు ఉంది. యోవేలు గ్రంథంలో, పంట తినేసేదిగా.

పంట తినడం నిజమే. నిమ్మ నర్సరీ ఉన్నవారూ కొత్తగా మొక్కలు నాటినవారూ ఈ పురుగుతో నష్టపోతారు. వారిని మేం తప్పు పట్టం. మా మాట ఇంటి పెరళ్ల గురించి. ఎదిగిన కరివేపాకు చెట్టు పది రెమ్మలు పోగొట్టుకున్నంత మాత్రాన చావదు. ఆ పది రెమ్మల కోసం పులుసులో వేసుకునే ఆకు మీద మందు కొట్టడం మాకు అర్థం కాదు. అన్ని పురుగులూ ఎలాగూ బతకవు. కొన్నిటిలో చిన్న కందిరీగ గుడ్డు పెడుతుంది. ప్యూపాకు సన్నని రంధ్రం కనిపిస్తే లోపల సీతాకోకచిలుక లేనట్టే. కొన్నిటిని పిట్టలు పిల్లల నోటికి అందిస్తాయి. ఆ పిట్టలకూ ఆకలి ఉంది కదా.

ఇక మందిరం గేటు పక్కనున్న జిల్లేడు. "ఏటండీ అయ్యగారూ, దాన్ని కొట్టించీరాదేటి" అని అడుగుతున్నారు. వచ్చే ఆదివారం పెద్దల కూటంలో ఆ సంగతి వస్తుంది. దాని పాలు కంట్లో పడితే ప్రమాదమన్నది నిజం, చిన్నపిల్లలు తిరిగే చోటన్నదీ నిజం. అందుకని గేటు వైపు కొమ్మలు మేమే నరికి, గోడ మూలనున్న సగం పొదకు మూడడుగుల ఎత్తు తడిక కడతాం. ఖర్చు సంఘం మీద వేయం. ఆ సగంలో నలుపు, తెలుపు, పసుపు పట్టీల పురుగులు నిన్న సాయంత్రానికి ఏడున్నాయి. పెద్దలు ఓటు వేసేముందు ఒకసారి వచ్చి ఆకు కింద తిప్పి చూస్తే చాలు.