చూడటం కూడా ఒక విద్యే

గజపతినగరం నుండి విజ్ఞానయాత్రకు వెళ్లిన విద్యార్థుల బృందం మ్యూజియంలో ఒక శిల్పం ముందు ఎంతసేపు నిలబడుతుంది? సాధారణంగా ఒక ఫొటో తీసుకొనేంతసేపు. పక్కనున్న పలకపై పేరు, శతాబ్దం చదివి ముందుకు సాగిపోతే అది శిల్పాన్ని చూసినట్లు కాదు. చూడటం కూడా ఒక విద్యే. దానికీ ఓపిక, అభ్యాసం అవసరం.

చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో అమరావతి స్తూపానికి చెందిన ఒక గుండ్రని ఫలకం ఉంది. సుమారు క్రీ.శ. 2వ శతాబ్దంలో పలనాటి సున్నపురాతిపై చెక్కినది. బుద్ధునిపైకి రాజగృహ వీధిలో దేవదత్తుడు మదపుటేనుగు నాలాగిరిని వదిలించిన కథ అందులో ఉంది. మొదటి చూపులో రెండు ఏనుగులు కనిపిస్తాయి. నిదానించి చూస్తే రెండూ ఒకటేనని బోధపడుతుంది. ఒకవైపు అది జనాన్ని తొక్కుతూ విజృంభిస్తోంది. మరొకవైపు బుద్ధుని పాదాల చెంత మోకరిల్లింది. మేడలపై నుండి జనం తొంగిచూస్తున్నారు. క్రోధం శాంతిగా మారిన తీరును శిల్పి ఒకే వలయంలో నిలిపాడు. ఆ మార్పును గమనించనివారికి అది వట్టి ఏనుగు బొమ్మ.

అంత దూరం వెళ్లలేనివారికి శ్రీకాకుళం జిల్లాలోని శాలిహుండం ఒక్కరోజులో చూసి రాగల చోటు. వంశధార దక్షిణతీరంలో కొండపై ఉన్న ఈ బౌద్ధక్షేత్రాన్ని 1919లో వెలుగులోకి తెచ్చినవారు గిడుగు వేంకట రామమూర్తి. ప్రజల నోటిమాటను గౌరవించిన ఆ పండితుడే శిథిలాల విలువనూ గుర్తించడం విశేషం. అక్కడి మ్యూజియంలో బుద్ధునితోపాటు తార, మారీచి విగ్రహాలున్నాయి. మరీచి అంటే కిరణం. మారీచి ఉషఃకాంతికి అధిదేవత. ఆమె ప్రతిమలలో సాధారణంగా కనిపించే వరాహముఖం, పేరు తెలియనివారికి వింతగా తోస్తుంది, తెలిసినవారికి అర్థవంతమవుతుంది.

శిల్పాలు పుట్టినచోటనే ఉండాలి గాని గదులలో కాదని కొందరి వాదన. అందులో న్యాయం లేకపోలేదు. స్తూపం నుండి విడివడిన ఫలకం, గ్రంథం నుండి చిరిగిన పుట వంటిది. కాని అమరావతిలో ఎన్నో ఫలకాలను సున్నం కోసం కాల్చివేశారన్న చరిత్రను మరువరాదు. వాటిని కాల్చినవారు దుర్మార్గులు కారు. వారి కంటికి అవి రాళ్లు మాత్రమే. చూడటం తెలియని కన్ను ఎంతటి నష్టం కలిగిస్తుందో చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

గజపతినగరం ఉన్న విజయనగరం జిల్లాలోనే, రామతీర్థం వద్ద గురుభక్తకొండపై బౌద్ధ శిథిలాలు ఉన్నాయి. వాటికి కంచె, చట్టం మాత్రమే రక్షణ కాలేవు. విలువ తెలిసిన మనుషులు కావాలి. మ్యూజియంలో ఒక్క శిల్పం ముందు పది నిమిషాలు నిలబడటం నేర్చుకొన్న విద్యార్థి, కొండదారిలో కనిపించిన ప్రాచీన శిలపై తన పేరు చెక్కడు.