మూలుగ ఇస్తే తరిగిపోదు

రక్త క్యాన్సరు వచ్చిన బిడ్డకు మూలుగ మార్పిడి చేయాలని డాక్టర్లు చెప్పగానే ఇంట్లో భయం మొదలవుతుంది. మూలుగ ఇచ్చే అన్నో, అక్కో జీవితాంతం నీరసించిపోతారని, వెన్నుపూస దెబ్బతింటుందని పెద్దలు వెనుకాడుతుంటారు. ఈ భయానికి ఆధారం లేదు.

రక్తకణాలన్నీ ఎముకల మూలుగలోని మూలకణాల నుంచే తయారవుతాయి. ఒకే కణం నుంచి పలురకాల రక్తకణాలు పుడతాయని కెనడా శాస్త్రజ్ఞులు టిల్, మెకల్లక్ 1960 దశకం తొలి ఏళ్లలో ఎలుకలపై ప్రయోగాలతో చూపారు. కోసిన గోంగూర మళ్లీ చిగిర్చినట్లు, దాత ఇచ్చినదంతా కొద్ది వారాల్లో తిరిగి పూడుతుంది. మూలుగ తీసేది తుంటి ఎముక నుంచి, అదీ మత్తు ఇచ్చి. వెన్నుపూస జోలికి పోరు. ఇప్పుడు చాలా చోట్ల అదీ అక్కరలేదు. నాలుగైదు రోజులు ఇంజక్షన్లు ఇచ్చి, చేతి రక్తం నుంచే మూలకణాలను యంత్రంతో వేరుచేస్తున్నారు. దాతకు కొన్నాళ్లు ఒళ్లునొప్పులు మాత్రం తప్పవు.

మన దేశంలో తొలి మార్పిడి 1983లో బొంబాయి టాటా ఆస్పత్రిలో జరిగింది. అయితే రోగులందరికీ ఇది అవసరం లేదు. పిల్లల్లో ఎక్కువగా కనిపించే రకం చాలావరకు మందులతోనే నయమవుతోంది.

మార్పిడి తప్పనిసరైనప్పుడు అసలు చిక్కు జత కుదరడంలోనే ఉంది. ఒక్కో తోబుట్టువుతో పూర్తిగా కుదిరే అవకాశం నాలుగింట ఒక వంతే. ఇద్దరు పిల్లలే ఉన్న ఇళ్లలో ఆశ మరీ తక్కువ. సగం జత కుదిరే తల్లిదండ్రుల నుంచి తీసుకునే పద్ధతి వచ్చినా, పూర్తి జత కోసం దాతల జాబితాలు వెతకవలసిందే. జాబితాలో చేరడానికి బుగ్గలోపల దూదిపుల్లతో తుడిచి ఇస్తే చాలు.

కాగా, పేరిచ్చినవారే ఇంటివారి మాట విని తీరా సమయానికి తప్పుకోవడం ఆందోళనకరం. మార్పిడికి ముందు రోగి పాత మూలుగను మందులతో చంపేస్తారు. ఆ దశలో దాత వెనక్కి తగ్గితే రోగి ప్రాణానికే ముప్పు.