రెండు పూటలా కసరత్తు సరే.. మరి నిద్ర ఎప్పుడు?

గత ఏడాది ఆఫీసు వాళ్ళు ఏటా చేయించే హెల్త్ చెకప్‌లో నాకు అల్ట్రాసౌండ్ తీసి, రిపోర్టులో "గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్" అని రాసిచ్చారు. నా వయసు ఇరవై ఎనిమిది. మందు తాగను. చూడ్డానికి లావుగా కూడా ఉండను, కాస్త బొజ్జ ఉంది అంతే (మా అమ్మ లెక్క ప్రకారం అదీ లేదు, నేను చిక్కిపోయాను!). ఆ కాగితం పట్టుకుని కెఫెటేరియాలో కూర్చుంటే, ఎదురుగా ఉన్న ఇద్దరి రిపోర్టులోనూ అదే ముక్క. ముగ్గురం నవ్వుకున్నాం గానీ ఆ నవ్వులో పస లేదు.

ఇది మా ముగ్గురి గోలే కాదని తర్వాత తెలిసింది. 2025లో "సైంటిఫిక్ రిపోర్ట్స్" పత్రికలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వాళ్ళు, ఏఐజీ హాస్పిటల్ డాక్టర్లు కలిసి ఒక అధ్యయనం వేశారు. మన ఊళ్ళో పనిచేసే 345 మంది ఐటీ ఉద్యోగుల్ని పరీక్షిస్తే 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఉండాల్సినదానికంటే ఎక్కువ ఉంది. 71 శాతం మంది ఊబకాయం లెక్కలోకి వచ్చారు. 345 మందే కదా అనొచ్చు. కానీ మీ టీమ్‌లో పది మందిని అడిగి చూడండి, ఆ అంకె మీకేమీ వింతగా అనిపించదు.

"నేను సన్నగానే ఉన్నాగా" అనేవాళ్ళకి ఇంకో సంగతి. పుణెకి చెందిన డాక్టర్ యాజ్ఞిక్, బ్రిటన్‌కి చెందిన డాక్టర్ యుడ్‌కిన్ 2004లో లాన్సెట్‌లో తమ ఇద్దరి ఫోటో పక్కపక్కన వేసుకున్నారు. ఇద్దరి బీఎమ్ఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్‌కిన్‌కి 9.1 శాతం, మన యాజ్ఞిక్ గారికి 21.2 శాతం. అంటే మనవాళ్ళం చొక్కా వేసుకుంటే సన్నం, లోపల వేరే కథ.

సరే, అసలు విషయానికొస్తాను. రిపోర్టు చూసి భయపడ్డ ఇంజనీరు ఏం చేస్తాడు? ఎక్సెల్ షీటు తెరుస్తాడు :) నేనూ అదే చేశాను. పొద్దున పరుగు, రాత్రి బరువులు. వారానికి ఆరు రోజులు, రెండు పూటలా. మా దమ్మాయిగూడలో జిమ్ము నడిపే అన్న అయితే తెగ సంబరపడిపోయాడు. "రెండు పూటలు కొట్టు అన్నా, మూడు నెలల్ల మొత్తం మారిపోతవ్" అన్నాడు. పాపం, అతను అబద్ధం చెప్పలేదు. మారాను.

నా రోజు ఎలా ఉండేదంటే.. ఐదింటికి లేచి నాగారం వైపు నలభై నిమిషాలు పరుగు (గాలి ఇటు మళ్ళిన రోజున చెత్త యార్డు వాసన ఉచితం). ఎనిమిదింపావుకి బండి మీద నాచారం మీదుగా హబ్సిగూడ, అక్కడ్నించి మెట్రోలో రాయదుర్గం. తిరిగి ఇంటికొచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర. తొమ్మిది నుంచి గంటసేపు జిమ్ము. తర్వాత అన్నం, ఆపైన యూఎస్ వాళ్ళతో కాల్. పడుకునేసరికి పన్నెండున్నర. మళ్ళీ ఐదింటికి అలారం. ఎక్సెల్ షీటులో అన్నిటికీ గడి ఉంది, నిద్రకి తప్ప. అది మిగిలిన ఖాళీలో దానంతటదే సర్దుకుంటుందని నా ధీమా.

మొదటి నెల బ్రహ్మాండం. డెడ్‌లిఫ్ట్ వారం వారం పెరిగింది. ఆఫీసులో "ఏంటి మామా, పెళ్ళిచూపులా?" అని అడిగారు. రెండో నెల చివరికి బరువులు పెరగడం ఆగిపోయింది. మూడో నెలలో వెనక్కి మళ్ళాయి. పొద్దున లేవగానే వాచీలో 62 చూపించే నాడి 74కి చేరింది. అమ్మ కూర గురించి అడిగినా చిరాకు. "ఏంరా, ఆ జిమ్ము వాళ్ళేమైనా జీతమిస్తున్నారా నీకు?" అంది ఒకరోజు. నాకేమనిపించిందంటే, కష్టం సరిపోవట్లేదు, ఇంకో సెట్టు పెంచాలని!

ఒక శుక్రవారం రాత్రి హబ్సిగూడలో బండి తీసుకుని వస్తున్నాను. మల్లాపూర్ దాటాక ఏం జరిగిందో ఇప్పటికీ గుర్తులేదు. పెద్ద హారన్ వినబడి కళ్ళు తెరిచేసరికి డివైడర్‌కి జానెడు దూరంలో ఉన్నాను. కళ్ళు తెరిచేసరికి అన్నానంటే మీకర్థమయ్యే ఉంటుంది, అప్పటిదాకా మూసుకునే ఉన్నాను. వెనక వస్తున్న డీసీఎం డ్రైవర్ బండి ఆపి దిగాడు. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. నా మొహం చూసి "తాగినట్టు లేవు.. ఇంటికి పోయి పండుకో అన్నా" అన్నాడు. మూడు నెలల్లో నాకు ఎవరైనా ఇచ్చిన సరైన ఫిట్‌నెస్ సలహా అదొక్కటే.

ఆ తర్వాతే కూర్చుని చదవడం మొదలుపెట్టాను (మొదలెట్టడానికి ముందు చదవాల్సింది, ఒప్పుకుంటున్నాను). 1980లో రాబర్ట్ హిక్సన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త మూడు గుంపులతో పది వారాల ప్రయోగం చేశాడు. ఒక గుంపుకి వారానికి ఐదు రోజులు బరువులు. ఇంకో గుంపుకి ఆరు రోజులు, రోజుకి నలభై నిమిషాలు సైకిలు, పరుగు. మూడో గుంపుకి రెండూ. ఆ మూడో గుంపు వాళ్ళ బలం మొదటి ఏడు వారాలూ బాగానే పెరిగింది, తర్వాత ఆగిపోయింది, తొమ్మిది, పది వారాల్లో తగ్గింది. చదువుతుంటే ఎవరో నా లాగ్ ఫైలు తీసి పత్రికలో వేసినట్టనిపించింది.

అలాగని బరువులూ పరుగూ కలపకూడదని కాదు. చాలామంది ఇక్కడే పొరపడి, "కార్డియో చేస్తే కండ కరిగిపోద్ది" అని ప్రచారం చేస్తుంటారు. 2022లో అప్పటిదాకా వచ్చిన ప్రయోగాలన్నీ కలిపి చూసిన ఒక సమీక్షలో, రెండూ కలిపి చేసినా కండ పెరుగుదలకీ, గరిష్ఠ బలానికీ చెప్పుకోదగ్గ నష్టం లేదని తేలింది. గెంతడం లాంటి ఒక్కసారిగా చూపించే బలం మాత్రం కాస్త తగ్గొచ్చు, అదీ రెండూ ఒకే దఫాలో చేస్తే. ఆ లెక్కన పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అని విడగొట్టడం మంచి ఆలోచనే. నా తప్పు కలపడంలో లేదు. మోతాదులో ఉంది, అంతకంటే నిద్రలో ఉంది.

కండ పెరిగేది జిమ్ములో కాదు కదా. జిమ్ములో మనం రిక్వెస్ట్ మాత్రమే పెడతాం. అసలు పని రాత్రి బ్యాచ్ జాబులో జరుగుతుంది. ఆ జాబుని రోజూ సగంలో కిల్ చేసి, పొద్దున్నే ఇంకో రెండు రిక్వెస్టులు పెడితే క్యూ పెరుగుతుంది తప్ప అవుట్‌పుట్ రాదు.

"మరి సింధు చేయలేదా?" అన్నాడొక మిత్రుడు. మంచి ప్రశ్న. చిన్నప్పుడు ఆ అమ్మాయి సికింద్రాబాద్ వైపు నుంచి గచ్చిబౌలిలోని గోపీచంద్ అకాడమీకి రోజూ వెళ్ళొచ్చేది, అంటే మన కష్టాలే. కానీ ఆవిడకి ఆటే పని. 2016 రియో ఒలింపిక్స్ ముందు గోపీచంద్ ఆమె ఫోను మూడు నెలలపాటు తీసేసుకున్నారని అప్పట్లో అందరం చదివాం. మనమందరం ఆ కథని క్రమశిక్షణ గురించి చెప్పుకుంటాం. నాకు ఇప్పుడు ఇంకోలా కనిపిస్తోంది. ఆవిడ విశ్రాంతికి కాపలా కాయడానికి ఒక మనిషి ఉన్నాడు. నా ఫోను తీసుకుని మూడు నెలల తర్వాత ఇస్తానని మా మేనేజర్ అంటే ఎంత బావుంటుంది! :)

పాత పహిల్వాన్లూ అంతే. తాలింఖానాల్లో, అఖాడాల్లో పొద్దున కుస్తీ, సాయంత్రం దండీలు, బస్కీలు. రెండు పూటల కసరత్తు మనకి అమెరికా నుంచి వచ్చిందేమీ కాదు. కాకపోతే ఆ రెండు పూటల మధ్యా తిండి, నిద్ర కూడా సాధనలో భాగమే. మనం కసరత్తు మాత్రం వాళ్ళ దగ్గర తీసుకుని, మధ్యలో భాగాన్ని స్ప్రింట్ ప్లానింగుకి ఇచ్చేశాం.

ఇంకా భయపెట్టే సంగతి ఒకటుంది. 2003లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్ళు కొందర్ని రెండు వారాలపాటు రోజుకి ఆరు గంటలే నిద్రపోనిచ్చారు. చివరికి వాళ్ళ ఏకాగ్రత పూర్తిగా నిద్ర మానేసినవాళ్ళ స్థాయికి పడిపోయింది. వాళ్ళని అడిగితే మాత్రం, కొంచెం మగతగా ఉందంతే అన్నారు. మనం ఎంత పాడైపోయామో మనకే తెలియకపోవడం నిద్రలేమి గుణం. మల్లాపూర్ దగ్గర నేనూ "బానే ఉన్నాను" అనుకుంటూనే బండి ఎక్కాను.

ఇప్పుడేం చేస్తున్నానంటే.. వారానికి మూడు రోజులు బరువులు, రెండు రోజులు అరగంట పరుగు. రెండు పూటల కార్యక్రమం ఇంటినుంచి పనిచేసే రెండు రోజులకే పరిమితం. ఆ రోజుల్లో మూడు గంటల పైగా ప్రయాణం మిగులుతుంది, ఆ సమయం జిమ్ముదే, నిద్రది కాదు. ఆఫీసు రోజుల్లో రెండో పూట అంటే భోజనం తర్వాత ఇరవై నిమిషాలు గట్టిగా నడవడం, అంతే. ఆదివారం నాన్నతో కీసరగుట్ట ఎక్కడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క, వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, కనీసం రెండు రోజులు కండరాలకి పని. నా లెక్క దానికి సరిపోయింది. ఎక్సెల్ షీటులో ఇప్పుడు మొదటి గడి నిద్రది, ఏడు గంటలు. అది నిండని రోజున పొద్దుటి పరుగు రద్దు.

ఫలితం ఏమిటని అడుగుతారేమో. ఈ ఏడాది రిపోర్టులోనూ గ్రేడ్ 1 అలాగే ఉంది, దాచిపెట్టను. ట్రైగ్లిజరైడ్లు తగ్గాయి, నడుము రెండంగుళాలు తగ్గింది, డెడ్‌లిఫ్ట్ మళ్ళీ పెరుగుతోంది. డాక్టర్ గారు "ఇలాగే కొనసాగించండి, టైం పడుతుంది" అన్నారు. కొనసాగించగలను. పాత టైమ్‌టేబుల్‌తో ఆ మాట అనగలిగేవాణ్ణి కాదు.

చెప్పొచ్చేదేంటంటే, రెండు పూటలా చేయడం తప్పు కాదు, గొప్పా కాదు. అది సమయం ఉన్నవాళ్ళ సౌకర్యం. సమయం లేనివాళ్ళం నిద్రలోంచి కోసుకుని చేస్తే దానికి వడ్డీ ఎక్కువ. ఇంకో మాట, క్యాంపస్‌లో లక్షలు పోసి జిమ్ము కట్టించే కంపెనీలు రాత్రి పదిన్నర కాల్స్ ఆపితే ఆ ట్రెడ్‌మిల్లుల కంటే ఎక్కువ మేలు జరుగుతుంది. 84 శాతం అనేది బద్ధకస్తుల లెక్క కాదు, టైమ్‌టేబుల్ లెక్క అని నా గట్టి నమ్మకం.

మీలో ఎవరైనా రెండు పూటలా చేస్తుంటే, ఒక్క ప్రశ్న. నిన్న రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు? ఆ జవాబు చెప్పాకే ఎంత బరువెత్తారో చెప్పండి.